గ్యాస్ పోయిందంటున్నారు, ఫ్రీజర్‌లో మాత్రం మంచు గడ్డకట్టేస్తోంది

లంక కుర్రాడు (రాజోలు దగ్గర)
శనివారం, ఉదయం 7:12

అందరికీ నమస్కారమండి. మాది రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ (మంచు తనంతట తానే కరిగించుకునే రకం) ఫ్రిజ్, 250 లీటర్లు. కొని తొమ్మిదేళ్లయింది. నెల రోజులుగా కింద గది చల్లబడటం లేదు. పొద్దున్న కాచి పెట్టిన పాలు సాయంత్రానికి విరిగిపోతున్నాయి. తోటకూర సంగతి చెప్పక్కర్లేదు. పైన ఫ్రీజర్‌లో మాత్రం ఐస్ బాగానే కడుతోంది. బాగా అనేకన్నా ఎక్కువగా అనాలేమో, ఫ్రీజర్ వెనక గోడ మీద తెల్లగా అట్టకట్టింది. గోరుతో గీకినా రావట్లేదు.

మొన్న ఒక మెకానిక్ వచ్చి, కింద తలుపు తీసి చెయ్యి పెట్టి చూసి, "గ్యాస్ పోయింది, 3500 అవుతుంది" అన్నాడు. ఫ్రిజ్‌ని వెనక్కి తిప్పి చూడనైనా లేదు. రేపు చెబుతానని పంపించేశాను.

అసలు టెన్షన్ ఇంకోటుంది. అక్క వచ్చే వారం హైదరాబాద్ నుంచి వస్తోందని అమ్మ రెండు డబ్బాల పులస ముక్కలు ఫ్రీజర్‌లో దాచింది. వాటికేమన్నా అయితే ఫ్రిజ్ కన్నా ముందు నన్ను బయట పెడతారు.


అరటితోట (రావులపాలెం)
శనివారం, ఉదయం 7:40

తొమ్మిదేళ్లంటే దాని ఆయుష్షు అయిపోయినట్టే గురూ. మార్చెయ్. పులస మా ఇంటికి పంపెయ్, మా ఫ్రిజ్ కొత్తది.


టెస్టర్ బాబాయ్ (పాలకొల్లు)
శనివారం, ఉదయం 8:25

బాబూ, తొందరపడి గ్యాస్ నింపించకు. గ్యాస్ తగ్గితే ముందు దెబ్బతినేది ఫ్రీజరే. ఐస్ సరిగా కట్టదు, ఐస్‌క్రీమ్ మెత్తబడుతుంది, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. నీ కేసులో పైన గడ్డకడుతోంది, కింద వెచ్చగా ఉంది. అది గాలి ఆడకపోవడం.

మూడు సంగతులు చెప్పు.
ఫ్రీజర్ తలుపు తీసి, తలుపు చట్రంలో ఉండే చిన్న స్విచ్ నొక్కి పట్టుకుంటే లోపల ఫ్యాన్ చప్పుడు వస్తోందా?
ఈ మధ్య కిర్రుకిర్రుమని శబ్దం ఏమన్నా వచ్చిందా?
ఎప్పుడన్నా ఎక్కువసేపు కరెంటు పోయి వచ్చాక రెండు మూడు రోజులు బాగా పనిచేసిందా?


లంక కుర్రాడు
శనివారం, ఉదయం 9:05

బాబాయ్ గారూ, మీరు మా ఇంట్లోనే ఉన్నారా ఏంటండీ!

ఫ్యాన్ తిరుగుతోంది కానీ గాలి తగలట్లేదు. రెండు వారాల కిందట కిర్రుమని చప్పుడు వచ్చేది, ఇప్పుడు లేదు. మొన్న వానలకి స్తంభం పడి ఒక పగలూ రాత్రీ కరెంటు లేదు. అది వచ్చాక నాలుగైదు రోజులు పాలు విరగలేదు. కరెంటు పోవడం వల్ల ఫ్రిజ్ బాగుపడిందని నాన్న తెగ ఆశ్చర్యపోయారు.


టెస్టర్ బాబాయ్
శనివారం, ఉదయం 9:50

అదే అసలు గుర్తు. గ్యాస్ లేని ఫ్రిజ్ కరెంటు పోయి వస్తే బాగుపడదు. మంచు నిండిన ఫ్రిజ్ బాగుపడుతుంది, ఎందుకంటే ఆ పగలూ రాత్రీ దాని మంచు కరిగిపోయింది. నీది డీఫ్రాస్ట్ లోపం, అంటే మంచు కరిగించే ఏర్పాటు పనిచేయట్లేదు.

ఎలాగో చెబుతా. రెండు తలుపుల ఫ్రిజ్‌లో చల్లదనం పుట్టేది ఒక్కచోటే, ఫ్రీజర్ వెనక ప్లాస్టిక్ గోడ చాటున ఉన్న కాయిల్ దగ్గర. ఫ్యాన్ ఆ చలిగాలిని కొంత ఫ్రీజర్‌లోకి వదిలి, కొంత గొట్టం గుండా కిందికి తోస్తుంది. కింద గదికి సొంతంగా చల్లబడే ఏర్పాటు లేదు, పైనుంచి వచ్చే గాలే దిక్కు.

తలుపు తీసిన ప్రతిసారీ బయటి తేమ లోపలికి పోతుంది. మన గోదారి గాలి సంగతి తెలుసుగా, శ్రావణ భాద్రపదాల్లో బట్టలే ఆరవు. ఆ తేమంతా కాయిల్ రెక్కల మీద నూగులా పడుతుంది. దాన్ని కరిగించడానికి కాయిల్ కింద ఒక హీటర్ ఉంటుంది. పాత రకాల్లో ఒక టైమర్, కంప్రెసర్ ఎనిమిది నుంచి పన్నెండు గంటలు తిరిగాక, దాన్ని ఆపి హీటర్‌కి కరెంటు ఇస్తుంది. ఇరవై, ముప్పై నిమిషాల్లో మంచు కరిగి, నీళ్లు గొట్టం గుండా కంప్రెసర్ మీద ఉన్న ట్రేలోకి దిగి ఆవిరైపోతాయి. ఇంట్లోవాళ్లకి ఇదేమీ తెలియనే తెలియదు.

టైమర్, బైమెటల్ (చలికి కలిసి, వెచ్చబడితే విడిపోయే స్విచ్), థర్మల్ ఫ్యూజ్ (వేడి మితిమీరితే తెగిపోయేది), హీటర్. ఈ నాలుగింట్లో ఏది పోయినా మంచు కరగడం ఆగిపోతుంది. కాయిల్ రెక్కల సందులు పూడుకుపోయి గాలి కిందికి దిగదు. గడ్డ పెరిగి ఫ్యాన్ రెక్కకి తగిలితే ఆ కిర్రుమనే చప్పుడు.


ఆచంట అమ్మాయి
శనివారం, ఉదయం 10:15

మధ్యలో అడుగుతున్నానని ఏమనుకోకండి. మా అమ్మమ్మగారి ఫ్రిజ్ ఒకే తలుపుది. దానికి మధ్యలో బటన్ ఉంటుంది, అది నొక్కితే మంచు కరుగుతుంది. ఈయన ఫ్రిజ్‌కి ఆ బటన్ లేదా?


టెస్టర్ బాబాయ్
శనివారం, ఉదయం 10:32

లేదమ్మా. ఒకే తలుపు రకం డైరెక్ట్ కూల్. దానికి హీటరూ ఉండదు, ఫ్యాన్‌తో పనీ లేదు. బటన్ నొక్కితే కంప్రెసర్ ఆగుతుంది, మంచు దానంతటదే కరుగుతుంది. ఆ పని మనం గుర్తుపెట్టుకుని చేయాలి. రెండు తలుపుల దాంట్లో ఆ పని ఫ్రిజ్జే చేసుకోవాలి.


సర్వీస్ వాడు (అమలాపురం)
శనివారం, మధ్యాహ్నం 1:20

నేను ఇప్పటికీ ఈ పనిలోనే ఉన్నాను. చూడకుండా గ్యాస్ అన్నవాణ్ని నేను సమర్థించను. కానీ మా వైపు కూడా వినండి. డీఫ్రాస్ట్ లోపం తేలాలంటే ముందు మంచు కరగాలి, అంటే రెండుసార్లు రావాలి. రెండోసారి వచ్చి "టైమర్ నాలుగొందలు, లేబర్ ఐదొందలు" అంటే, "స్క్రూడ్రైవర్ తిప్పినందుకు ఐదొందలా" అంటారు. గ్యాస్ అంటే మాత్రం మారు మాట్లాడకుండా ఇస్తారు. ఈ అలవాటు ఇద్దరిదీ.

ఇంకో సంగతి. ఎవరూ చాకుతో, స్క్రూడ్రైవర్‌తో మంచు పొడవకండి. కాయిల్ పలుచటి అల్యూమినియం గొట్టం. "స్స్" అని ఒక్క శబ్దం వచ్చిందంటే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. ఈ మధ్య ఫ్రిజ్‌లలో వచ్చేది ఆర్ 600ఏ, అంటే ఐసోబ్యూటేన్. అది మండే గ్యాస్. ఫ్రిజ్ వెనక స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, ముందు అది చూసుకోండి.


రొయ్యల చెరువు (భీమవరం)
శనివారం, మధ్యాహ్నం 2:05

మా తోడల్లుడు అట్లకాడతో పొడిచాడండి. ఆ అట్లకాడ ఇప్పటికీ ఉంది, ఫ్రిజ్ లేదు.

లంక బ్రదర్, పులస గురించి టెన్షన్ పడకు. థర్మాకోల్ పెట్టె ఒకటి తెచ్చుకో. చెరువుల దగ్గర, చేపల మార్కెట్లో ఎవర్నడిగినా ఇస్తారు. ఐస్ ఫ్యాక్టరీ ఐస్ చితక్కొట్టి అడుగున ఒక వరస, డబ్బాలు, మళ్లీ పైన ఒక వరస. మూతకి టేప్ వెయ్యి. ఒక పూట ఆగుతుంది. ఆ పైన కావాలంటే పక్కింటి ఫ్రీజర్లో పెట్టడమే మంచిది.


టెస్టర్ బాబాయ్
శనివారం, సాయంత్రం 6:40

సరే అబ్బాయ్, ఇప్పుడు చేయాల్సింది. ప్లగ్ పీకెయ్. స్విచ్ ఆపడం కాదు, పీకెయ్. ముప్పై ఆంపియర్ల స్విచ్ అయినా నేను నమ్మను. రెండు తలుపులూ తెరిచి ఇరవై నాలుగు గంటలు వదిలెయ్. కింద పాత గుడ్డలు పరిచి, వెనక ట్రే కింద ఒక పళ్లెం పెట్టు, నీళ్లు పొంగుతాయి. తొందరగా కావాలంటే ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టు, ఫ్రీజర్లో ఒక గిన్నెతో వేడినీళ్లు పెట్టు. హెయిర్ డ్రయర్ వద్దు. తడిలో కరెంటు వస్తువు ఒకటి, ప్లాస్టిక్ వంగిపోవడం ఇంకోటి.

ఇలా చేశాక వారం పది రోజులు బాగా పనిచేసి మళ్లీ అదే తంతు మొదలైతే, ఇక అనుమానం లేదు. అప్పుడు వెనక గోడ విప్పుదాం.


లంక కుర్రాడు
సోమవారం, రాత్రి 9:10

చేశానండి. ఎన్ని నీళ్లొచ్చాయో చెబితే నమ్మరు, చిన్న బకెట్ నిండింది. మధ్యాహ్నం రెండింటికి లోపల గోడ చాటున ధబ్బుమని గడ్డ జారిపడింది. అమ్మ "పగిలిపోయిందిరా" అని పరిగెత్తుకొచ్చింది.

ఇప్పుడు కింద గది చల్లగా ఉంది. పులస పక్కింటి పిన్నిగారి ఫ్రీజర్లో ఉంది. అమ్మ రోజుకి రెండుసార్లు వెళ్లి చూసొస్తోంది, డబ్బాలు లెక్కపెట్టడానికే అని నా అనుమానం.


కాకినాడ కాజా
సోమవారం, రాత్రి 9:45

నాదీ ఇదే బాధ, కానీ మూడేళ్ల కిందటి ఇన్వర్టర్ ఫ్రిజ్. టైమర్ ఎక్కడుంటుందండీ? వెనకంతా వెతికాను.


సర్వీస్ వాడు
సోమవారం, రాత్రి 10:20

దొరకదండి, దానికి టైమర్ ఉండదు. ఆ పని ఎలక్ట్రానిక్ బోర్డు చేస్తుంది. కాయిల్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది, చలి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. బోర్డు ఆ అంకె చూసుకుని హీటర్ వేసి, ఆపుతుంది. చాలాసార్లు పోయేది సెన్సరే, చౌకగా తేలిపోతుంది. కానీ బోర్డు మీద మీరు చెయ్యి పెట్టకండి. కొన్నింటి మీద ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లో కరెంటు నిలవుంటుంది. లంక కుర్రాడి ఫ్రిజ్ పాత రకం కాబట్టే ఇంట్లో చేసుకునే పని.


లంక కుర్రాడు
మంగళవారం, ఉదయం 6:30 (ఎనిమిది రోజుల తర్వాత)

మళ్లీ మొదలైందండి. నిన్న పెరుగు పులిసింది. ఫ్రీజర్ గోడ మీద తెల్లటి పొర వచ్చింది.

ఈసారి ప్లగ్ పీకేసి గోడ విప్పేశాను. ట్రే తీసి, నాలుగు స్క్రూలు, మూతల చాటున ఇంకో రెండు. దాని వెనక థర్మాకోల్ పలక, చుట్టూ వెండిరంగు టేప్. లోపల కాయిల్ కనపడట్లేదు, మంచే కనపడుతోంది. పై నుంచి కింది దాకా ఒకేలా, దూదిపరుపు నిలబెట్టినట్టుంది.


టెస్టర్ బాబాయ్
మంగళవారం, ఉదయం 7:15

ఒకేలా ఉందన్నావు చూడు, అది మంచి వార్త. గ్యాస్ తగ్గితే కాయిల్ మొదట్లో రెండు మెలికల మీదే మంచు ఉండి, మిగతాది ఉత్తిగా ఉంటుంది. అంతటా సమానంగా పట్టిందంటే గ్యాస్ నిండుగా ఉన్నట్టే. ఆ 3500 మిగిలింది.

మంచు మొత్తం కరగనివ్వు. రెక్కలు బ్లేడుల్లా ఉంటాయి, చేతికి గుడ్డ చుట్టుకో. అడుగున గాజు గొట్టంలో ఉన్నది హీటర్, దాన్ని వట్టి చేత్తో ముట్టుకోకు, దెబ్బ తగలనివ్వకు.

మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి కనెక్టర్లు విడదీసి చూడు. హీటర్ మీద ఎన్ని వాట్లో రాసి ఉంటే లెక్క తేలికే. 230ని 230తో గుణించి వాట్లతో భాగించు. 150 వాట్ల హీటర్ అయితే 350 ఓమ్‌ల దగ్గర రావాలి. అసలేమీ చూపించకపోతే హీటర్ పోయినట్టు. ఫ్యూజ్ అయితే దాదాపు సున్నా చూపించాలి.


లంక కుర్రాడు
మంగళవారం, మధ్యాహ్నం 3:30

హీటర్ 348. ఫ్యూజ్ బాగుంది, బీప్ వస్తోంది. కాయిల్ గొట్టానికి క్లిప్‌తో పట్టించిన రూపాయి బిళ్లంత బైమెటల్ మాత్రం పోయింది. ఎన్నిసార్లు చూసినా ఏమీ చూపించట్లేదు. దొంగ దొరికాడు! రేపు రాజోలు వెళ్లి కొత్తది తెస్తాను.


రొయ్యల చెరువు
మంగళవారం, మధ్యాహ్నం 3:48

పోతే పోయింది, ఆ రెండు వైర్లూ కలిపేసి టేప్ చుట్టెయ్. మా వీధిలో ఒకాయన అలాగే చేశాడు, నడుస్తోంది.


టెస్టర్ బాబాయ్
మంగళవారం, మధ్యాహ్నం 4:10

ఆగండాగండి, ఇద్దరూ!

అబ్బాయ్, నువ్వు దాన్ని ఎక్కడ పెట్టి చూశావు? వంటింటి గట్టు మీదేగా. వెచ్చగా ఉంటే బైమెటల్ తెరుచుకునే ఉండాలి, దాని డ్యూటీయే అది. కాయిల్ గడ్డకట్టినప్పుడు కలుస్తుంది, మంచు కరిగి కొంచెం వెచ్చబడగానే విడిపోయి హీటర్‌ని ఆపుతుంది. బాగున్న బైమెటల్‌ని పోయిందనుకుని మార్చినవాళ్లని వందల్లో చూశాను. కొత్తది తెచ్చినా గట్టు మీద అదే చూపిస్తుంది.

గ్లాసులో ఐస్ ముక్కలు వేసి రెండు గుప్పెళ్లు రాళ్లుప్పు కలుపు. ఉప్పు కలిపితే ఐస్ సున్నాకన్నా చాలా కిందికి దిగుతుంది. బైమెటల్‌ని పాలిథిన్ కవర్లో పెట్టి, వైర్ల చివరలు తడవకుండా అందులో ముంచు. పది నిమిషాలాగి మీటర్ పెట్టు.

వైర్లు కలిపే సలహా ఇచ్చినవారికి. ఆ పని చేస్తే మంచు కరిగాక కూడా టైమర్ తిరిగేదాకా హీటర్ కాలుతూనే ఉంటుంది. చుట్టూ ఉన్నది ప్లాస్టిక్, థర్మాకోల్. గొట్టంలో ఉన్నది మండే గ్యాస్ అయితే ఇక చెప్పేదేముంది. ఆ వీధిలో ఆయనకి కూడా చెప్పండి.


రొయ్యల చెరువు
మంగళవారం, మధ్యాహ్నం 4:25

తప్పైందండి. సాయంత్రం వెళ్లి చెబుతాను.


లంక కుర్రాడు
మంగళవారం, సాయంత్రం 5:20

ఆరో నిమిషంలో గ్లాసులోంచి "టిక్" అంది బాబాయ్ గారూ! మీటర్ బీప్! బయటికి తీసి గట్టు మీద పెడితే కాసేపటికి మళ్లీ టిక్ అని విడిపోయింది. నాన్న కూడా వచ్చి రెండుసార్లు ముంచి చూశారు. బైమెటల్ బాగున్నట్టేగా. మరి దొంగెవరు?


టెస్టర్ బాబాయ్
మంగళవారం, సాయంత్రం 6:00

మిగిలింది టైమర్. కొన్ని మోడళ్లలో టైమర్ మోటారుకి కరెంటు హీటర్, ఫ్యూజ్ మీదుగానే అందుతుంది. అవి పోతే టైమర్ బాగున్నా కదలదు. అందుకే ముందు వాటిని చూపించాను.

అన్నీ బిగించి ఒక రోజు నడవనివ్వు, కాయిల్ మీద కాస్త మంచు పట్టాలి. తర్వాత ప్లగ్ పీకి, టైమర్ వెతుకు. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద డబ్బా, మధ్యలో గాడి ఉన్న పిడి. నీ ఫ్రిజ్‌లో బహుశా వెనక కంప్రెసర్ పక్కన ఉంటుంది, కొన్నింట్లో లోపల లైటు డబ్బా చాటున పెడతారు. పిడి మీద మార్కర్‌తో గీత పెట్టి, మూత బిగించి, ప్లగ్ పెట్టు. పది గంటలయ్యాక ప్లగ్ పీకి చూడు. గీత కదలకపోతే మోటారు చచ్చింది.

తర్వాత, ప్లగ్ పీకి ఉండగానే, స్క్రూడ్రైవర్‌తో పిడిని గడియారం ముల్లు తిరిగేవైపు మెల్లగా తిప్పు. టక్ అనగానే ఆగు. ప్లగ్ పెట్టు. కంప్రెసర్ మాట్లాడకూడదు. ఫ్రీజర్ గోడకి చెవి పెట్టి విను.


లంక కుర్రాడు
గురువారం, రాత్రి 8:40

పొద్దున్న ఏడింటికి గీత పెట్టాను. సాయంత్రం అయిదున్నరకి చూస్తే వెంట్రుకవాసి కూడా కదల్లేదు. తర్వాత తిప్పాను. టక్. ప్లగ్ పెడితే కంప్రెసర్ ఉలుకూ పలుకూ లేదు. రెండు నిమిషాలకి గోడ వెనక సుయ్ సుయ్‌మని, పెనం మీద నీళ్లు చిలకరించినట్టు. ఇంకాసేపటికి వెనక ట్రేలో బొట్టు బొట్టుగా నీళ్లు. హీటర్ బంగారం!

టైమర్ విప్పి చూస్తే మూత సందులో చీమల గూడు. వెనక స్క్రూలు కూడా తుప్పు పట్టాయి. మాకు సముద్రం దగ్గరేగా, ఉప్పుగాలి.


సర్వీస్ వాడు
గురువారం, రాత్రి 9:15

చీమలు మామూలేనండి, అక్కడ వెచ్చగా ఉంటుంది. పాత టైమర్‌ని చేత్తో పట్టుకుని షాపుకి వెళ్లండి. నాలుగు పిన్నులూ చూడటానికి ఒకేలా ఉంటాయి, లోపలి కనెక్షన్ మాత్రం మోడల్‌ని బట్టి మారుతుంది. నంబరు కలిసిందే తీసుకోండి. పీకేముందు వైర్లకి ఫోన్‌లో ఫొటో తీసుకున్నారా?


లంక కుర్రాడు
గురువారం, రాత్రి 9:22

నాలుగు వైపుల నుంచీ తీశానండి.


ఆచంట అమ్మాయి
శుక్రవారం, ఉదయం 8:00

ఇదంతా చదివి మా ఇంట్లో రెండు తలుపులదాన్ని చూశాను. కింద గది చల్లగానే ఉంది కానీ కూరగాయల డబ్బా కింద రోజూ నీళ్లు నిలుస్తున్నాయి. మా అత్తయ్యగారు రోజూ తుడుస్తున్నారు.


టెస్టర్ బాబాయ్
శుక్రవారం, ఉదయం 8:30

మీది ఇంకా తేలికమ్మా. మంచు కరుగుతోంది, నీళ్లు దిగే దారి మూసుకుంది. ప్లగ్ పీకి గోడ విప్పితే కాయిల్ కింద చిన్న కన్నం ఉంటుంది. సూది లేని పెద్ద సిరంజితో గోరువెచ్చటి నీళ్లు కొట్టండి. వెనక ట్రేలో పడేదాకా. నేను అక్కడి నుంచి కరివేపాకు రెబ్బలు, చేప పొలుసులు, ఒకసారి చిన్నపిల్లాడి బలపం కూడా తీశాను.

తలుపు రబ్బరు కూడా చూసుకోండి. నోటు ఒకటి తలుపులో పెట్టి మూసి లాగండి, పట్టు లేకుండా జారిపోతే అక్కడి నుంచి తేమ పోతోంది. అలాంటప్పుడు మంచు తలుపు అంచుల దగ్గర కూడా పడుతుంది.


లంక కుర్రాడు
ఆదివారం, మధ్యాహ్నం 12:50 (తొమ్మిది రోజుల తర్వాత)

బాబాయ్ గారూ, కొత్త టైమర్ 380 రూపాయలు. గీత పెట్టి చూశాను, కదులుతోంది. తొమ్మిది రోజులైంది, పాలు విరగలేదు, గోడ మీద పొర లేదు. అక్క వచ్చింది, పులుసు అయింది. పక్కింటి పిన్నిగారికి ఒక గిన్నె వెళ్లింది, ఫ్రీజర్ అద్దె అట.

ఒక్క చిన్న తేడా. ఫ్రీజర్ గోడకి పై మూల దగ్గర అరచేయంత చోట చెమట పట్టినట్టు తడి కనిపిస్తోంది.


టెస్టర్ బాబాయ్
ఆదివారం, మధ్యాహ్నం 1:15

గోడ బిగించేటప్పుడు థర్మాకోల్ చుట్టూ ఉన్న వెండిరంగు టేప్ మళ్లీ అంటించావా?


లంక కుర్రాడు
ఆదివారం, మధ్యాహ్నం 1:19

అది ప్యాకింగ్ టేప్ అనుకుని పారేశానండి. స్క్రూడ్రైవర్ తెస్తున్నాను.